బ్యాంకు డబ్బు పని వెనకాలే వస్తుంది: ప్లాటు కొని ఇల్లు కట్టుకున్న 18 నెలల లెక్క

ప్లాటు కొనడానికీ, దాని మీద ఇల్లు కట్టడానికీ కలిపి ఒకటే లోను తీసుకున్నాను. బ్యాంకులో దీన్ని కాంపోజిట్ లోన్ అంటారు. ఇల్లు ఇదే మొదటిది, లోనూ ఇదే మొదటిది. 2024 ఫిబ్రవరి 18న బయానా ఇచ్చాను. 2025 ఆగస్టు 5న మొదటి పూర్తి ఈఎంఐ ఖాతాలోంచి పోయింది.

ప్లాటు తెలంగాణలో ఒక జిల్లా కేంద్రాన్ని ఆనుకుని ఉన్న మున్సిపాలిటీలో ఉంది. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, అంటే 200 గజాలు. కట్టింది 1,200 చదరపు అడుగుల ఒక అంతస్తు. పైన ఇంకో అంతస్తు వేసుకునేలా పిల్లర్లు లేపాం. ప్లాటు 24 లక్షలు, కట్టుబడి అంచనా 26 లక్షలు, మొత్తం 50. బ్యాంకు 36 ఇస్తుంది కాబట్టి మన చేతిది 14 ఉంటే చాలని కాగితం మీద రాసుకున్నాను. ఆ లెక్క ఎక్కడెక్కడ తప్పిందో వరసగా చెబుతాను.

రిజిస్ట్రేషన్ ఎంతకు?

గజం 12,000 చొప్పున బేరం కుదిరింది. అక్కడ ప్రభుత్వ విలువ ప్రకారం ఆ ప్లాటు 11 లక్షలే. అమ్మే ఆయన అందరూ అడిగేదే అడిగారు: 11 లక్షలకు కాగితం రాసుకుందాం, మిగతా 13 నగదుగా ఇవ్వండి. నాకూ రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుంది కదా అని మధ్యవర్తి నచ్చజెప్పబోయాడు.

లోను తీసుకునేవాళ్లు ఇక్కడ ఒప్పుకుంటే మొదటి మెట్టు మీదే మునుగుతారు. బ్యాంకు ప్లాటు విలువ కట్టేటప్పుడు దస్తావేజులో రాసిన ధర, తన వాల్యుయర్ ఇచ్చిన ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది తీసుకుంటుంది. నా బ్యాంకు ప్లాటు మీద 70 శాతం ఇస్తానంది. 24 లక్షల మీద 70 శాతం 16.80 లక్షలు. 11 లక్షల మీద 7.70 లక్షలు. తేడా 9.10 లక్షలు. పూర్తి ధరకు రాయించుకోవడం వల్ల నాకు అదనంగా పడింది 13 లక్షల మీద 7.5 శాతం, అంటే 97,500 రూపాయలు. పైగా స్థిరాస్తి అమ్మకంలో 20,000, ఆ పైన నగదుగా తీసుకోవడాన్ని అప్పటి ఆదాయపు పన్ను చట్టంలోని 269ఎస్ఎస్ సెక్షన్ ఒప్పుకునేది కాదు. మధ్యవర్తి వారం రోజులు అటూ ఇటూ తిరిగాక, బ్యాంకు డీడీ ఖాయం కదా అన్న ధీమాతో అమ్మే ఆయన సరేనన్నారు. మొత్తం రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం చొప్పున 1.80 లక్షలైంది. దీన్ని లోనులో కలపరు, మొత్తం మన జేబుదే.

దరఖాస్తు నుంచి శాంక్షన్ దాకా 39 రోజులు

మార్చి 4న దరఖాస్తు ఇచ్చాను. జీతం కాగితాలు, రెండేళ్ల ఫారం 16, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ఒక్క పూటలో అయిపోయాయి. అప్పుల చరిత్రకు ఇచ్చే సిబిల్ స్కోరు 762 కాబట్టి అక్కడా ఆగలేదు. చేతికొచ్చే జీతం 74,000. అందులో సగం దాకా వాయిదాలకు పోవచ్చని బ్యాంకు లెక్క, అంటే 37,000. అందులోంచి బైకు వాయిదా 4,600 తీసేశారు. మిగిలిన 32,400కి అప్పటి 8.60 శాతం వడ్డీతో, 20 ఏళ్లకు దాదాపు 37 లక్షలు వస్తాయి. ఆస్తి విలువ చూస్తే 40 దాకా రావచ్చు. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్లకు రిజర్వు బ్యాంకు పెట్టిన హద్దు ఆస్తి విలువలో 80 శాతం. నాకు హద్దు ఆస్తి కాదు, జీతం. 36 దగ్గర ఆగాను. ఈఎంఐ 31,470 అని రాసిచ్చారు.

రోజులు తినేసింది బ్యాంకు లాయరు ఇచ్చే లీగల్ ఒపీనియన్. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం, 1983 నుంచి ఆన్‌లైన్‌లోనే దొరికింది. 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల దస్తావేజులు, కావాలన్నారు. అందులో 1996 నాటి ఒక దస్తావేజుకు జిరాక్సే ఉంది. సర్టిఫైడ్ కాపీ కోసం మార్చి 14న సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పెడితే 21న ఇచ్చారు. అది తీసుకెళ్లేసరికి లాయరు ఇంకోటి అడిగాడు: లేఔటు వేయకముందు అది వ్యవసాయ భూమి కదా, దాన్ని ఇళ్ల స్థలంగా మార్చిన నాలా కన్వర్షన్ ఉత్తర్వు ఏది? లేఔటు వేసినవాళ్ల దగ్గర నకలు దొరికింది కాబట్టి సరిపోయింది. ప్లాటు చూడ్డానికి వెళ్లిన రోజే ఈసీ, లింకు డాక్యుమెంట్లు, లేఔటు అనుమతి పత్రం, నాలా ఉత్తర్వు, ఈ నాలుగూ అడిగి ఫొటోలు తీసుకుని ఉంటే నాకు కనీసం పదిరోజులు మిగిలేవి.

ఈ దశలోనే నేను చేసిన పెద్ద పొరపాటు ఎస్టిమేటు. కట్టుబడి ఖర్చు అంచనాను ఇంజనీరు చేత రాయించి ఇవ్వాలి. ఆయన 3,000 తీసుకుని బ్యాంకు నమూనాలోనే నింపి ఇచ్చాడు. బ్యాంకు ప్యానెల్ ఇంజనీరు చదరపు అడుగుకు 2,000 దాటి ఒప్పుకోనన్నాడు. అలా ఇంటికి 24 లక్షలు, సంపు, సెప్టిక్ ట్యాంకులకు 2 లక్షలు, కలిపి 26. బోరు, కాంపౌండ్ గోడ, గేటు, కరెంటు మీటరు అందులో లేవు. నేనూ చూసుకోలేదు.

అంతకంటే ముఖ్యమైనది దశల వరస. ఆ నమూనాలో పునాది, లింటెల్ (తలుపులు, కిటికీల పైన వేసే బీము), స్లాబు, ప్లాస్టరింగు, ఫినిషింగు అని ఐదు మెట్లు ఉన్నాయి. గోడల మీదే బరువు మోసే ఇళ్లు కట్టే రోజుల్లో చేసిన వరస అది. ఇప్పుడు పిల్లర్లు లేపి, బీములు వేసి, ముందు స్లాబు పోస్తాం. ఇటుక గోడ ఆ తర్వాతే లేస్తుంది. కాగితం ప్రకారం లింటెల్ దాకా గోడ రాకపోతే ఆ విడత రాదు. స్లాబు పడ్డా సరే, లింటెల్ దశ పూర్తి కాలేదని రాస్తారు. ఈ సంగతి పక్క వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీ చెప్పాడు, బ్యాంకువాళ్లు కాదు. శాంక్షన్‌కు నాలుగు రోజుల ముందు ఎస్టిమేటు వెనక్కి తీసుకుని నాలుగు దశలుగా మార్పించాను: ప్లింత్ బీము (పునాది పైన వేసేది), స్లాబు, ఇటుక పని ప్లస్ ప్లాస్టరింగు, చివరగా ఫ్లోరింగు ప్లస్ ఫినిషింగు. కట్టుబడి వాటా 19.20 లక్షలను వరసగా 5.00, 5.80, 4.80, 3.60గా పంచారు. శాంక్షన్ లెటర్ వచ్చాక అయితే ఈ మార్పు కోసం ఫైలు మళ్లీ పై ఆఫీసుకు పోవాల్సి వచ్చేది.

ఏప్రిల్ 12న శాంక్షన్ లెటర్ చేతికిచ్చారు. దాంతోపాటు 1.12 లక్షల ప్రీమియం ఒకేసారి కట్టే లోన్ ఇన్సూరెన్సు కాగితం కూడా, లోనులోనే కలిపేస్తాం సార్ అంటూ. అది తప్పనిసరి కాదు. లోనులో కలిపితే దాని మీద 20 ఏళ్లు వడ్డీ కట్టాలి. వద్దని రాసిచ్చి, విడిగా టర్మ్ పాలసీ తీసుకున్నాను. మేనేజరు మొహం కాస్త మాడింది, అంతకుమించి ఏమీ కాలేదు.

రిజిస్ట్రేషన్, ఆ నాలుగు రోజుల వడ్డీ

మే 10, అక్షయ తృతీయ నాడు రిజిస్ట్రేషన్ అయింది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు బ్యాంకు మనిషి డీడీతో వచ్చాడు. సంతకాలయ్యాక డీడీ అమ్మినాయనకు, దస్తావేజు రసీదు బ్యాంకుకు. ఆ వారంలోనే టైటిల్ డీడ్స్ డిపాజిట్ పత్రం, అంటే ఆస్తి కాగితాలు బ్యాంకు దగ్గర తనఖా పెట్టినట్టు రాసేది, రిజిస్టరు చేశారు. దాని స్టాంపు డ్యూటీ లోనులో అర శాతం, 18,000. ఫీజు ఇంకో 3,600. ఈ 21,600 ముందుగా ఎవరూ చెప్పలేదు, ఆ రోజు ఫోన్‌పేలో ఉన్నది ఊడ్చి కట్టాను.

నెలాఖరుకు స్టేట్‌మెంటు చూస్తే వడ్డీ మే 6 నుంచి వేశారు. డీడీ తీసింది 6న, చేతులు మారింది 10న. డీడీ తేదీ నుంచి కాదు, డబ్బు నిజంగా ఇచ్చిన రోజు నుంచే వడ్డీ వేయాలని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 29న సర్క్యులర్ ఇచ్చింది. ఆ కాపీ జతచేసి ఉత్తరం పెడితే 19 రోజులకు 1,583 రూపాయలు వెనక్కి వేశారు. మొత్తం చిన్నదే. కానీ స్టేట్‌మెంటు చదివే మనిషినని తెలిశాక కౌంటర్లో పలకరింపు మారింది.

ఇటుక పెట్టకముందే మూడు నెలల వడ్డీ

ప్లాటుకిచ్చిన 16.80 లక్షల మీద నెలకు 12,040 వడ్డీ. అప్పటికి మేముండే ఇంటి అద్దె 9,500. ఆ వేసవంతా మూఢం, అది పోయేసరికి ఆషాఢం. శంకుస్థాపన శ్రావణంలోనే అని ఇంట్లో తేల్చేశారు. ఎటూ ఆగాలి కదా అని అనుమతి పని అప్పుడే పెట్టుకున్నాను.

కాంపోజిట్ లోనులో ఒక ముడి ఉంటుంది. ఇంటి అనుమతి మన పేరు మీద రావాలంటే ప్లాటు మన పేరు మీదకు రావాలి. అంటే ప్లాటు డబ్బు ముందు పడుతుంది, అనుమతి తర్వాత వస్తుంది, ఈ మధ్యకాలమంతా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అందుకని ప్లాను రిజిస్ట్రేషన్‌కు ముందే గీయించుకుని ఉంచుకోవాలి. నేను జూన్ దాకా గీయించలేదు.

జులై 15న తెలంగాణ ఆన్‌లైన్ ఇంటి అనుమతుల వ్యవస్థ టీజీ-బీపాస్‌లో స్వీయ ధ్రువీకరణతో పెట్టి ఫీజు 62,000 కడితే అనుమతి అదే రోజు వచ్చింది. ఈ ఫీజులో సగానికి పైగా మనం ఊహించని పేర్లే: అభివృద్ధి చార్జీలు, కార్మిక సెస్సు, ఖాళీ స్థలం పన్ను. తక్షణ అనుమతి అంటే అక్కడితో అయిపోయినట్టు కాదు. 21 రోజుల్లోగా అధికారులు వచ్చి మనం రాసింది నిజమో కాదో చూస్తారు. ఆ గడువు దాటేదాకా కట్టుబడి విడత ఫైలు తెరవనని నా బ్యాంకు చెప్పింది. ఆగస్టు 5తో గడువు ముగిసింది, 9న ముగ్గు పోశాం.

ముగ్గు పోసిన రోజే ఒక గండం తప్పింది. మెట్లకు స్థలం చాలడం లేదని మేస్త్రీ పక్క పిల్లరును ఒకటిన్నర అడుగు బయటికి జరిపి గుర్తు పెట్టాడు. అది ప్లానులో చూపిన సెట్‌బ్యాకులోకి, అంటే చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలోకి, వస్తుంది. విడత ఇచ్చే ముందు వచ్చే వాల్యుయర్ టేపు పట్టుకుని చూసే మొదటి విషయం అదే. మంజూరైన ప్లానుకు తేడా ఉందని ఒక్క ముక్క రాస్తే లోను అక్కడే ఆగుతుంది. పిల్లరును యథాస్థానానికి తెచ్చి, మెట్ల మలుపునే మార్చుకున్నాం.

ముందు నీది, తర్వాత నాది

శాంక్షన్ లెటర్లో చిన్న అక్షరాల్లో ఉండే మాట: కట్టుబడిలో మన వాటా మొత్తం ఖర్చుపెట్టాకే బ్యాంకు వాటా మొదలవుతుంది. 26లో 19.20 పోగా 6.80 నాది. అంటే పునాది అంతా నా డబ్బే.

నేల నల్లరేగడి. ఎస్టిమేటులో ఐదడుగుల గుంతలు రాసుకున్నాం. ఐదడుగులకు గట్టి మొరం తగల్లేదు, ఏడడుగులు పోవాల్సి వచ్చింది. 12 గుంతలకు తవ్వకం, కాంక్రీటు, కడ్డీ కలిపి 58,000 అదనం. ఆగస్టు 31, సెప్టెంబరు 1న పడ్డ వానలకు ప్లింత్ బీము కడ్డీ కట్టి ఉండగానే నీళ్లు నిలిచాయి. తోడి, బురద కడిగి, మళ్లీ పని ఎత్తుకునేసరికి తొమ్మిది రోజులు పోయాయి. సెప్టెంబరు 17న ప్లింత్ అయింది.

18న విడత అడిగాను: దరఖాస్తు, మా ఇంజనీరు ఇచ్చిన స్టేజి సర్టిఫికెట్, నాలుగు పక్కల నుంచి ఫొటోలు, తనిఖీ ఫీజు 1,180. 24న తనిఖీ, అక్టోబరు 1న 5 లక్షలు పడ్డాయి. 13 రోజులు. ప్రతి విడతకూ దాదాపు ఇంతే పట్టింది, ఎక్కడా వారంలో రాలేదు.

మేస్త్రీకి మాత్రం శనివారం వస్తే కూలీల డబ్బు ఇవ్వాల్సిందే. చదరపు అడుగుకు 380 చొప్పున కూలి ఒప్పందం, మెటీరియల్ నాది. బ్యాంకు ఫైలు ఎక్కడుందో వాళ్లకు అనవసరం, అనవసరమే అవ్వాలి కూడా. ఒక్క శనివారం డబ్బు తప్పితే సోమవారం వాళ్లు ఇంకో సైటులో ఉంటారు. ఆ ఏడాదిలో నాకు శుక్రవారం రాత్రి సరిగ్గా నిద్రపట్టింది తక్కువ.

స్లాబు దగ్గర ఇరుక్కున్నది

అసలు బిగుసుకునేది స్లాబు దగ్గరే, ఎవరికైనా సరే. పిల్లర్లు, బీములు, సెంట్రింగు, కడ్డీ, కాంక్రీటు, అన్నీ నెలన్నరలో కట్టగట్టుకుని వస్తాయి. నా దాంట్లో ఐదంగుళాల స్లాబు, బీములు కలిపి 20 ఘనపు మీటర్ల కాంక్రీటు పట్టింది. రెడీమిక్స్ పోశాం. కడ్డీ రెండు టన్నుల పైనే. ఈ దశ మొత్తానికి 6.30 లక్షలైతే చేతిలో ఉన్నది మొదటి విడత 5 లక్షలు. మధ్యలో స్లాబు తడపడానికి నీళ్లు కావాలి కాబట్టి బోరు వేయించక తప్పలేదు, అది 72,000.

ఇంకో సంగతి. సైటులో ఉన్న సామాను తనిఖీ ఇంజనీరు లెక్కలోకి రాదు. కట్టి నిలబెట్టిన పనినే శాతంగా రాస్తాడు. ధర పెరుగుతుందేమోనని నేను కడ్డీ, సిమెంటు ముందే దింపించుకున్నాను. నా డబ్బు రెండు లక్షలకు పైగా షెడ్డులో పడి ఉంది, బ్యాంకు దృష్టిలో అది సున్నా. లోను మీద కట్టేవాళ్లు ఏ వారం సామాను ఆ వారమే దింపుకోవడం మేలు. సిమెంటు ఎలాగూ నిలవ ఉంటే బలం తగ్గుతుంది.

నవంబరు 20న బంగారం కుదువ పెట్టి 2.50 లక్షలు తెచ్చాను, 9.25 శాతానికి. పర్సనల్ లోన్ కూడా ఫోన్లోనే ఇస్తామన్నారు. అది తీసుకుంటే వాయిదా నా జీతం లెక్కలోకి వస్తుంది. కొన్ని బ్యాంకులు విడతకు ముందు సిబిల్ మళ్లీ తీసి చూస్తాయి. మధ్యలో కొత్త వాయిదా కనబడితే మిగతా విడతల మీద ప్రశ్నలు మొదలవుతాయి. బంగారం లోనుకు నెలనెలా వాయిదా లేదు, ఎప్పుడైనా మూసేయొచ్చు.

నవంబరు 28న స్లాబు పడింది. అదే రోజు కాగితాలు ఇచ్చాను. డిసెంబరు 4న తనిఖీ, 12న 5.80 లక్షలు. పొడవాటి బీముల కింద సెంట్రింగు రెండు వారాలకు పైనే ఉంచాలి కాబట్టి ఆ వ్యవధి పనికి అడ్డు రాలేదు. పని ఎటూ ఆగే చోట విడత అడిగేలా పెట్టుకుంటే బ్యాంకు ఆలస్యం అందులో కలిసిపోతుందని అప్పుడు అర్థమైంది.

బంగారం విడిపించడానికి పీఎఫ్ నుంచి తీశాను. అప్పటి నిబంధన ప్రకారం ఐదేళ్ల సభ్యత్వం దాటితే ఇల్లు కట్టుకోవడానికి ఫారం 31తో అడ్వాన్సు అడిగే వీలుండేది. డిసెంబరు 23న పెడితే జనవరి 3న 2.60 లక్షలు వచ్చాయి. 6న నగలు ఇంటికి. 47 రోజులకు వడ్డీ 2,978. పీఎఫ్ అక్టోబరులోనే పెట్టి ఉంటే ఆ తిప్పలే ఉండేవి కావు. ఉన్న దారి గుర్తుకు రావడానికి కూడా కాస్త స్థిమితం కావాలి, అది అప్పుడు లేదు.

ప్లాస్టరింగు, మార్చి నెల

సంక్రాంతికి ఊళ్లకు పోయిన కూలీలు పదిహేను రోజులకు గానీ తిరిగి రాలేదు. ఇటుక పని, లోపలి ప్లాస్టరింగు ఫిబ్రవరి 22కు అయ్యాయి. 25న తనిఖీకి వచ్చిన ఇంజనీరు బయటి ప్లాస్టరింగు కాలేదని ఈ దశలో మూడింట రెండొంతులే రాశాడు. ఆయన రాసింది నిజమే. ఎస్టిమేటులో ఇటుక పని, లోపలి ప్లాస్టరింగు, బయటి ప్లాస్టరింగు విడివిడిగా శాతాలు రాయించి ఉంటే ఇటుక పని అయినప్పుడే కొంత వచ్చేది. నాలుగు దశలు చేశానని మురిసిపోయాను గానీ, ఆరు చేయాల్సింది. మరీ చిన్నగా ముక్కలు చేస్తే తనిఖీ ఫీజులు పెరుగుతాయి, అయినా ఒక్కో తనిఖీ 1,180 రూపాయలే.

మార్చి 10న 3.20 లక్షలు వచ్చాయి. బయటి ప్లాస్టరింగు 26కు అయింది. మార్చి ఆఖరు, బ్యాంకు లెక్కలు మూసే రోజులు. 1.60 లక్షలు ఏప్రిల్ 4న పడ్డాయి. విడతలను మార్చి చివరి వారంలోకి రానివ్వకండి.

ఈలోగా ఒక మంచి జరిగింది. నా లోను రెపో రేటుకు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటుకు, ముడిపడినది. 2025 ఫిబ్రవరి 7న రిజర్వు బ్యాంకు పావు శాతం, ఏప్రిల్ 9న ఇంకో పావు, జూన్ 6న అర శాతం తగ్గించింది. అయితే మర్నాడే మన వడ్డీ తగ్గదు. నా బ్యాంకు మూడు నెలలకొకసారి సవరిస్తుంది. ఏప్రిల్ 1 నుంచి 8.35, జులై 1 నుంచి 7.60 అయింది. నా పూర్తి ఈఎంఐ అప్పటికింకా మొదలు కాలేదు కాబట్టి కొత్త రేటు మీదే కట్టారు: 31,470 బదులు 29,222. ఈఎంఐ మొదలైపోయిన వాళ్లకు మాత్రం చాలాచోట్ల ఈఎంఐ అలాగే ఉంచి నెలలు తగ్గిస్తారు. ఏది కావాలో మనమే రాసి అడగాలి.

గృహప్రవేశం అయింది, చివరి విడత రాలేదు

జూన్ రెండో వారం నుంచి మళ్లీ మూఢం, ఆపైన ఆషాఢం అన్నారు. జూన్ 6న పాలు పొంగించాం. అప్పటికి బాత్రూమ్ ఫిట్టింగులు సగం, ఒక గదికి తలుపు లేదు. చివరి విడతకు ఇంజనీరు చూసేవి సరిగ్గా ఇవే: తలుపులు, కిటికీలు, శానిటరీ, వైరింగు, కరెంటు మీటరు, రంగులు. కప్‌బోర్డులు, కిచెన్ చెక్కపని, ఫాల్స్ సీలింగు అతను చూడనే చూడడు, ఎస్టిమేటులో ఉండవు కాబట్టి. చేతిలో ఉన్న కాస్త డబ్బు ముందు చెక్కపనికి పెట్టి తర్వాత ఫిట్టింగులకు చూసుకుందామనుకునేవాళ్లు చివరి విడత దగ్గర ఆగిపోతారు. 17న తనిఖీ, జులై 2న 3.60 లక్షలు. అందులో సగం టైల్సు కొట్టు బాకీకే పోయింది.

కట్టుబడి 26 అనుకున్నది 29.40 అయింది. పెరిగిన 3.40: కాంపౌండ్ గోడ, గేటు 1.15 లక్షలు, బోరు 72,000, పునాది లోతు 58,000, కరెంటు కనెక్షన్, మీటరు, స్తంభం దగ్గరి నుంచి కేబులు 50,000, టేకు దర్వాజాలు 45,000. ఆఖరుది ఒక్కటే నేను కావాలని చేసుకున్నది. మిగతావి ఏ ఇంటికైనా వచ్చేవే. ఎస్టిమేటులో పెట్టించి ఉంటే ఆ ఖర్చు ముందే లెక్కలోకి వచ్చేది.

ఇప్పుడు నా 14 లక్షల లెక్క. ప్లాటులో నా వాటా 7.20, రిజిస్ట్రేషన్ 1.80, కట్టుబడిలో నాది 10.20, అనుమతి 0.62. లోను ఖర్చులు 0.50: ప్రాసెసింగు జీఎస్టీతో 14,868, లీగల్, వాల్యుయేషన్ 7,670, డిపాజిట్ పత్రం 21,600, ఐదు తనిఖీలు 5,900, తనఖాను నమోదు చేసే సెర్సాయ్ ఫీజు 118. పూర్తి ఈఎంఐ మొదలవకముందు, జూన్ ఆఖరు దాకా కట్టిన ప్రీ-ఈఎంఐ వడ్డీ 2.35. మొత్తం 22.67 లక్షలు. 13 నెలలు ఇటు అద్దె, అటు వడ్డీ రెండూ కట్టాం. ఆ అద్దె ఇందులో లేదు.

పన్ను సంగతి కూడా. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఇల్లు పూర్తికాకముందు కట్టిన వడ్డీని ఐదు సమాన భాగాలుగా ఐదేళ్లు చూపించుకోవచ్చని అందరూ చెబుతారు. నాకు 2025 మార్చి 31 వరకు అలాంటి వడ్డీ 1.67 లక్షలు, ఏడాదికి 33,400. కానీ సొంతంగా ఉండే ఇంటికి అన్నీ కలిపి హద్దు 2 లక్షలే. 36 లక్షల లోను మీద ఏడాది వడ్డీయే ఆ హద్దు దాటుతుంది, ఆ 33,400కి చోటెక్కడిది? కొత్త విధానంలో అయితే సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపే లేదు. ఈ ఆశతో లోను పెంచుకోవద్దు.

ఆగస్టులో బ్యాంకు ఇంటి నంబరు, ఇంటిపన్ను మదింపు కాపీ అడిగింది, ఇచ్చాను. తిరుగు ఉత్తరంగా తమ దగ్గర ఉన్న ఒరిజినల్ కాగితాల జాబితా అడిగాను. లోను తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగివ్వాలి, ఆలస్యానికి రోజుకు 5,000 చెల్లించాలి అనే నిబంధన 2023 డిసెంబరు నుంచి ఉంది. కానీ వాళ్ల దగ్గర ఏమేం ఉన్నాయో 20 ఏళ్ల తర్వాత నేను చూపించగలగాలి కదా. వచ్చిన జాబితాలో ఆ 1996 సర్టిఫైడ్ కాపీ లేదు. ఇచ్చినప్పుడు తీసుకున్న అకనాలెడ్జ్‌మెంటు జతచేసి మళ్లీ రాశాను. సవరించిన జాబితా సెప్టెంబరు 11న ముద్రతో వచ్చింది. ఒక నకలు ఇంట్లో పెట్టి, ఇంకోటి లాకర్లో పెట్టాను.